కడుపులో కేక

పిల్లలూ, డాక్టర్లయినవాళ్ళు కూడా మళ్ళీ శిష్యులవుతారు, తెలుసా? చిరాగ్‌పల్లి నుంచి ముంబయి రహదారి వెంట తూర్పుగా వెళితే హైదరాబాదు వస్తుంది. అక్కడి ఏషియన్ గాస్ట్రోఎంటరాలజీ సంస్థలో వాళ్ళు నేర్చుకునే ఒక విద్య, ధ్వనితో కడుపు లోపల చూడటం.

బావిలో కేకవేస్తే ప్రతిధ్వని వస్తుంది గదా! అల్ట్రాసౌండ్ యంత్రమూ అంతే. తిరిగివచ్చిన ధ్వనితో బొమ్మ గీస్తుంది. సెకనుకు 20,000 కంపనాలు మించిన ఆ కేక మనకు వినపడదు.

అయితే దానికి గాలి గిట్టదు. జీర్ణాశయంలోని గాలి అడ్డుపడి, వెనక ఉన్న క్లోమగ్రంథిని ఒక్కొక్కసారి దాచేస్తుంది. అందుకని చిన్న యంత్రాన్ని సన్నని గొట్టం చివర అమర్చి, నోటిగుండా లోపలికే పంపుతారు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. గొట్టం కొంచెం తిరిగితే చాలు, బొమ్మ మారిపోతుంది! నల్లగా కనిపించేది రక్తనాళమో, నీటితిత్తో తేల్చుకోకుండా సూది గుచ్చితే రోగికి ప్రమాదం. అందుకే గురువు పక్కనే నిలబడి, శిష్యుడు తడబడితే గొట్టం తాను అందుకుంటాడు.