స్వచ్ఛంద కంప్యూటింగ్

ఇళ్ళలోని కంప్యూటర్లు ఖాళీగా ఉన్నప్పుడు వాటి గణనశక్తిని శాస్త్ర పరిశోధనలకు ఉచితంగా ఇవ్వడాన్ని స్వచ్ఛంద కంప్యూటింగ్ అంటారు. ఒక పెద్ద లెక్కను చిన్న భాగాలుగా విడగొట్టి, ఇంటర్నెట్టు ద్వారా వేలాది కంప్యూటర్లకు పంపి, ఫలితాలను తిరిగి ఒకచోట కూర్చడం ఇందులోని మూలసూత్రం. పాల్గొనేవారికి శాస్త్రజ్ఞానం గానీ, ఖరీదైన పరికరాలు గానీ అవసరం లేదు. అయితే వారు ఇచ్చేది కంప్యూటరు ఖాళీ సమయం మాత్రమే కాదు. ఆ సమయంలో ఖర్చయ్యే విద్యుత్తును కూడా ఆ ఇంటివారే భరిస్తారు.

చరిత్ర

మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెదకడానికి జార్జ్ వోల్ట్‌మన్ 1996లో ప్రారంభించిన గింప్స్ ఈ కోవలోని తొలి ప్రయత్నాలలో ఒకటి. 1999 మే 17న బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సెటీ ఎట్ హోమ్‌ను విడుదల చేసింది. ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో దూరదర్శిని గ్రహించిన సంకేతాలలో భూమికి ఆవల బుద్ధిజీవుల ఉనికిని తెలిపేవి ఉన్నాయేమో వెదకడం దీని లక్ష్యం. 50 లక్షలకు పైగా ప్రజలు ఇందులో పాల్గొన్నారు. అటువంటి సంకేతమేదీ నిర్ధారణ కాలేదు. 2020 మార్చి 31న ఇళ్ళకు పని పంపడం నిలిపివేశారు.

ఒక్కొక్క పరిశోధనకు ఒక్కొక్క ప్రోగ్రాము రాయనవసరం లేకుండా, డేవిడ్ ఆండర్సన్ నాయకత్వంలో బర్క్‌లీలోనే 2002లో బోయింక్ అనే సాఫ్టువేరు నిర్మాణం మొదలయింది. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్, రోజెటా ఎట్ హోమ్ వంటివి దీని ఆధారంగా నడిచాయి. 2010లో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ ద్వారా అమెరికా, జర్మనీలలోని ఇంటి కంప్యూటర్లు అంతకుముందు ఎవరికీ తెలియని ఒక పల్సార్‌ను గుర్తించాయి. ప్రోటీన్లు ముడుచుకునే తీరును పరిశీలించే ఫోల్డింగ్ ఎట్ హోమ్ 2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలయింది. ఇది బోయింక్‌పై కాక సొంత సాఫ్టువేరుతో నడుస్తుంది.

పనిని పంచే విధానం

దీనిని పదవ తరగతి జవాబు పత్రాల మూల్యాంకనంతో పోల్చవచ్చు. లక్షల పత్రాలను కట్టలుగా కట్టి అనేకమంది ఉపాధ్యాయులకు పంచుతారు. ఒకరు దిద్దే కట్టకు మరొకరి కట్టతో సంబంధం లేదు. మార్కులు మాత్రం చివరకు ఒకచోట చేరాలి. అదేవిధంగా కేంద్రంలోని సర్వరు ప్రతి కంప్యూటరుకు ఒక పని భాగాన్ని, దానిని పూర్తిచేయవలసిన గడువును పంపుతుంది. గడువులోగా ఫలితం రాకపోతే ఆ భాగాన్ని వేరొకరికి ఇస్తుంది. ఎవరి కంప్యూటరు లెక్క తప్పుతుందో ముందుగా తెలియదు కనుక, చాలా ప్రాజెక్టులలో ఒకే భాగాన్ని ఇద్దరికి లేదా అంతకంటే ఎక్కువమందికి పంపి, ఫలితాలు సరిపోలితేనే స్వీకరిస్తారు. చేసిన పనికి క్రెడిట్లు లభిస్తాయి. ఇవి గుర్తింపు కొరకే, వీటికి డబ్బు రాదు.

పంచడానికి వీలైనవి, కానివి

అన్ని లెక్కలూ ఈ పద్ధతికి లొంగవు. 1996 నవంబరు 6న కోనసీమను దెబ్బతీసిన తుఫాను వంటి దాని గమనాన్ని ముందుగా అంచనా వేయాలంటే, వాతావరణాన్ని గళ్ళుగా విభజించి ప్రతి గడిలోని గాలి, పీడనం, తేమలను లెక్కిస్తారు. ప్రతి అడుగులోనూ పక్క గళ్ళ విలువలు కావాలి, ఫలితం గంటల్లో అందాలి. గడువు రోజుల్లో ఉండే, ఒకదానితో ఒకటి మాట్లాడుకోని ఇంటి కంప్యూటర్లకు ఇది తగిన పని కాదు. తుఫాను హెచ్చరికలకు సూపర్ కంప్యూటర్లే ఆధారం.

దీర్ఘకాలిక శీతోష్ణస్థితి అధ్యయనం వేరు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి 2003లో మొదలయిన క్లైమేట్ ప్రెడిక్షన్ ప్రాజెక్టు, భూగోళమంతటి నమూనానే ఒక్కొక్క కంప్యూటరుకు ఇచ్చింది. మేఘాలు, వర్షం వంటి అంశాల విలువలను మాత్రం ఒక్కొక్కరికి కొద్దిగా మార్చింది. 2005లో ప్రచురించిన తొలి ఫలితాలలో, గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపయితే భూమి సగటు ఉష్ణోగ్రత 2 డిగ్రీల కంటే తక్కువ నుండి 11 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరగవచ్చని వివిధ నమూనాలు చూపాయి. అనిశ్చితి ఎంత విస్తృతమో ఇన్ని నమూనాలను నడిపినందువల్లనే తెలిసింది.

ఇంటి కంప్యూటరులో నడపడం

బోయింక్‌ను స్థాపించి, జాబితా నుండి నచ్చిన ప్రాజెక్టును ఎంచుకొని, ఈమెయిలుతో ఖాతా తెరిస్తే పని మొదలవుతుంది. యజమాని కంప్యూటరును వాడుతున్నపుడు ఆగిపోయేలా, ప్రాసెసరులో కొంత భాగాన్నే తీసుకునేలా, రోజులో నిర్ణీత గంటలలోనే నడిచేలా అమర్చవచ్చు. పని మధ్యమధ్య డిస్కులో భద్రపడుతుంది. కరెంటు పోయినపుడు చివరిసారి భద్రపరచిన తరువాతి భాగం మాత్రమే వృథా అవుతుంది.

ల్యాప్‌టాప్ బ్యాటరీపై నడిచేటప్పుడు పని ఆపే ఏర్పాటు కూడా ఉంది. ఇంటి ఇన్వర్టరుకు కలిపిన డెస్క్‌టాప్‌కు మాత్రం కరెంటు పోయిన సంగతి తెలియదు. లెక్క ఆగకుండా సాగి, ఫ్యాన్లకు, దీపాలకు ఉంచుకున్న బ్యాటరీని తినివేస్తుంది. అటువంటి ఇళ్ళలో కంప్యూటరును ఇన్వర్టరు లైనులో పెట్టకపోవడం, లేదా కోతల వేళలలో పనిని ఆపివేయడం మంచిది.

విద్యుత్తు, వేడి

ఖాళీగా ఉన్న ప్రాసెసరు తక్కువ విద్యుత్తు వాడుతుంది, లెక్కలో ఉన్నది ఎక్కువ వాడుతుంది. ఉదాహరణకు లెక్క వలన 60 వాట్లు అదనంగా ఖర్చయితే, రోజంతా నడిపినపుడు నెలకు సుమారు 43 యూనిట్లు అవుతాయి. రోజుకు 8 గంటలు నడిపితే 14 యూనిట్లు చాలు. ఆంధ్రప్రదేశ్‌లో గృహ విద్యుత్తుకు శ్లాబుల పద్ధతి ఉన్నందున, ఈ అదనపు యూనిట్లు ఆ ఇంటి వాడకంలోని పై శ్లాబు ధరకు లెక్కకు వస్తాయి.

వాడిన విద్యుత్తు అంతా చివరకు వేడిగా మారి గదిలోనే చేరుతుంది. రాజమహేంద్రవరంలో మే నెలలో ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజులలో కంప్యూటరు లోపలి ఫ్యానుపై భారం పెరుగుతుంది, దుమ్ము పేరుకుంటే మరింత వేడెక్కుతుంది. వేసవిలో మానివేసి చలికాలపు రాత్రులలో నడిపినా ఆ సహాయం విలువైనదే.

అనుమతి

తనది కాని కంప్యూటరులో యజమాని అనుమతి లేకుండా ఇటువంటి సాఫ్టువేరును పెట్టరాదు. పాఠశాల, కళాశాల, కార్యాలయాల కంప్యూటర్లకు ఇది మరీ వర్తిస్తుంది, ఎందుకంటే బిల్లు కట్టేది ఆ సంస్థ. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక సాంకేతిక కళాశాల కంప్యూటర్లలో అనుమతి లేకుండా ఇటువంటి ప్రోగ్రామును పెట్టినందుకు అక్కడి ఉద్యోగిపై క్రిమినల్ కేసు నడిచింది. 2002లో అది జరిమానాతో, ఏడాది ప్రొబేషనుతో ముగిసింది. అనుమతి తీసుకొని, నెలకు అయ్యే యూనిట్ల లెక్కను ముందే చూపి, సంస్థ ఒప్పుకుంటే ఆ కంప్యూటర్లను కూడా ఈ పనికి వినియోగించవచ్చు.