కారులోని దిక్సూచి తప్పు చెప్పునప్పుడు

కర్నూలునుండి కడపకు పోవు రహదారి మొదట ఆగ్నేయముగా సాగి నంద్యాల చేరును. అచ్చటినుండి ఆళ్ళగడ్డవరకు దాదాపు నేరుగా దక్షిణమునకు దిగును. నల్లమల కొండలు ఎడమవైపున, అనగా తూర్పున, తోడుగా వచ్చుచుండును. ఈ దారిని దక్షిణముగా పోవు కారులో దిక్సూచి పడమర యని చూపినచో లోపము ఆ పరికరములోనో, దాని చుట్టుప్రక్కలనో ఉండవలెను. అది ఎక్కడ ఉన్నదో కనుగొనుటకు కొంత ఓపిక కావలెను.

నావికుల దిక్సూచిలో అయస్కాంతపు సూది యుండును. నేటి కొన్ని కార్లలో అమర్చి యిచ్చు దిక్సూచిలో సూది యుండదు. వెనుకవైపు చూచు అద్దములోనో, ముందు పలకలోనో దాగియున్న చిన్న పరికరము భూమియొక్క అయస్కాంత బలమును కొలిచి, దిక్కును అక్షరములతో తెలుపును. ఇది పనిచేయుటకు బ్యాటరీనుండి విద్యుత్తు రావలెను.

అక్షరములే వెలుగనిచో పని సులభము. ముందుగా ఫ్యూజు చూడవలెను. అది బాగుగా నున్నచో, తాళము త్రిప్పి, పరికరమునకు వచ్చు తీగెకును కారు ఇనుప దేహమునకును నడుమ వోల్టుమీటరు పెట్టవలెను. 12 వోల్టులకు దగ్గరగా చూపినచో విద్యుత్తు వచ్చుచున్నట్లే. ఇక మిగిలినది ఎర్తు తీగె. దాని కొస దేహమునకు బిగిసిన చోట తుప్పు పట్టినను, మర వదులైనను విద్యుత్తు తిరిగిపోవు దారి చెడును. గతుకు తగిలినప్పుడెల్ల అక్షరములు ఆరి వెలుగుచున్నచో మొదట అనుమానింపవలసినది ఇట్టి వదులు కీళ్ళనే.

అక్షరములు వెలుగుచు తప్పు దిక్కు చెప్పుట కష్టమైన జబ్బు. విద్యుత్తు ప్రవహించు తీగె దగ్గర దిక్సూచి సూది కదలునని డెన్మార్కు దేశీయుడగు అయర్‌స్టెడ్ 1820లో కనుగొనెను. కారులో దీని ప్రభావము చిన్నది కాదు. 60 వాట్ల దీపములు రెండు 12 వోల్టులపై వెలుగునప్పుడు తీగెలో 10 ఆంపియర్లు ప్రవహించును. ఆ తీగె సూదికి 10 సెంటీమీటర్ల క్రిందుగా ఉత్తర దక్షిణములుగా పోయినచో, సూదిని త్రిప్పు భూబలములో సగమంత బలము అడ్డముగా పుట్టును. సూది దాదాపు 26 డిగ్రీలు ప్రక్కకు తిరుగును! సూది లేని పరికరమును కూడ ఈ బలము ఇట్లే మోసగించును.

విద్యుత్తు చేయు ఈ అల్లరి పెద్ద వేధశాలను సైతము కదలించినది. బొంబాయిలోని కొలాబాలో భూఅయస్కాంతమును కొలుచుచుండిరి. నగరపు ట్రాములను విద్యుత్తుతో నడుపుటకు యోచన సాగగా, నానాభాయి మూస్ ఆధ్వర్యమున సముద్రమునకు ఆవలనున్న అలీబాగులో ఇనుము వాడకుండ 1904లో క్రొత్త వేధశాల కట్టిరి. రెండేండ్లు రెండు చోట్లను కొలిచి, పోల్చి చూచిరి. ట్రాములను తొలగింపలేరు గనుక పరికరములను తరలించిరి. కారు యజమానికి ఆ శ్రమ లేదు. తీగెను జరిపిన చాలును.

పరీక్షకు పంట కోసిన చేను మేలు. ఇతర వాహనములు, ఇనుప గేట్లు, విద్యుత్ స్తంభములు దూరముగా నుండవలెను. కారు నిలిపి దీపములను ఒకసారి వెలిగించి, ఒకసారి ఆర్పవలెను. దానితో దిక్కు మారినచో తప్పు ప్రవాహమునది. తరువాత ఎవరైనను అదనపు దీపములకు లాగిన తీగెయే తరచు దోషి. కారులో రాకకు తీగెను, పోకకు ఇనుప దేహమును వాడుదురు. రాకపోకలకు రెండు తీగెలను జతగా మెలిపెట్టినచో ఎదురెదురు ప్రవాహముల బలములు ఒకదాని నొకటి చాలవరకు చంపుకొనును.

దీపములతో మార్పు లేక, కారు తిరిగిన కొలది తప్పు పెరిగి తరుగుచున్నచో, కారు ఇనుమే అయస్కాంతమైనదని తెలియవలెను. పైకప్పుకు అంటించిన అయస్కాంతపు బిళ్ళ గాని, రేడియో స్పీకరు గాని దగ్గర నుండవచ్చును. అన్ని వైపులను ఒకే కొలతగా తప్పుచున్నచో పరికరము వంకరగా అమర్చబడినదేమో చూడవలెను. అయస్కాంత ఉత్తరమునకును నిజమైన ఉత్తరమునకును గల భేదము రాయలసీమలో స్వల్పమే. దక్షిణమును పడమరగా చూపుటకు అది చాలదు. పులివెందుల ప్రాంతపు నల్లరాళ్ళలో అయస్కాంత ఖనిజము కలదు. అట్టి రాతివలన తప్పు కలిగినచో, ఆ చోటు దాటగానే అది పోవును.

ఇనుము చేయు తప్పును సరిదిద్దుటకు పరికరమును సవరించు స్థితిలో నుంచి, చేనిలో కారును మెల్లగా గుండ్రముగా త్రిప్పవలెను. అన్ని దిక్కుల కొలతలను పోల్చి, పరికరము కారు బలమును లెక్కనుండి తీసివేయును. ఇన్ని చుట్లు తిరిగినను అక్షరములు ఒకే దిక్కును పట్టుకొని కదలకున్న, చుట్టుప్రక్కల బలమైన అయస్కాంతము లేదని చూచుకొని, పరికరమునే మార్చవలెను.