గుండీ దారం ఆట నుంచి రక్తపరీక్ష పరికరం

చొక్కా గుండీ రంధ్రాల్లో దారం ఎక్కించి, కొసలు ముడివేసి, మెలితిప్పి రెండు చేతులతో లాగుతూ వదులుతూ ఉంటే గుండీ గుయ్‌మని తిరుగుతుంది. గుండీ లేకపోతే సోడా మూతను సాపుగా కొట్టి, రెండు బెజ్జాలు పెట్టినా సరిపోతుంది. సుమారు 5 వేల ఏళ్ల చరిత్ర ఉన్న ఆట ఇది. పెద్దయ్యాక అందరూ మరిచిపోయే ఈ ఆటను ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

తలుపుకు అడ్డుగా యంత్రం

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మను ప్రకాష్ 2013లో ఉగాండాలో పర్యటించారు. అక్కడి ఓ ఆరోగ్య కేంద్రంలో సెంట్రిఫ్యూజ్ యంత్రాన్ని తలుపు మూసుకోకుండా అడ్డుగా పెట్టారు. కరెంటు లేక అది మూలపడింది. రక్తాన్ని వేగంగా తిప్పి, బరువైన ఎర్ర కణాలను ఒకవైపు, తేలికైన ప్లాస్మాను మరోవైపు వేరుచేసే యంత్రమది. మలేరియా వంటి వ్యాధుల పరీక్షల్లో ఈ పని ఎంతో కీలకం.

కరెంటు లేకుండా వేగంగా తిరిగేది ఏముంది? ప్రకాష్ బృందంలోని సాద్ భామ్లా ఆటవస్తువులను వెతికారు. మొదట యోయోలను పరీక్షించారు. వాటిని తిప్పాలంటే నేర్పు కావాలి. తర్వాత గుండీ దారం వంతు వచ్చింది. హైస్పీడ్ కెమెరాతో చిత్రీకరిస్తే అది నిమిషానికి 10 వేల నుంచి 15 వేల చుట్లు తిరుగుతోందని తేలింది.

మెలికలోనే కిటుకు

దారాన్ని లాగినప్పుడు మెలిక విడిపోతూ బిళ్లను తిప్పుతుంది. మెలిక పూర్తిగా విడిపోయినా జడత్వం వల్ల బిళ్ల ఆగదు. దారాన్ని రెండోవైపు మెలితిప్పుతుంది. మళ్లీ లాగితే బిళ్ల ఎదురుదిశలో తిరుగుతుంది. దారం బాగా బిగిసినప్పుడు మెలిక మీద మెలిక పడుతుంది. డీఎన్‌ఏ పోగుల్లోనూ ఇలాంటి మెలికలే ఉంటాయి. ఆ గణితం సాయంతో బిళ్ల పరిమాణాన్ని, దారాన్ని మార్చుకుంటూ వెళ్లి ‘పేపర్‌ఫ్యూజ్’ను తయారుచేశారు.

బరువు 2 గ్రాములు. తయారీ ఖర్చు 20 అమెరికన్ సెంట్లు. గరిష్ఠ వేగం నిమిషానికి 1,25,000 చుట్లు. సన్నని గొట్టంలో రక్తం నింపి, మూతి బిగించి, కాగితపు బిళ్లకు అమర్చి తిప్పితే ఒకటిన్నర నిమిషంలో ప్లాస్మా వేరవుతుంది. మలేరియా పరాన్నజీవులను వేరుచేయడానికి 15 నిమిషాలు పడుతుంది. దిశ మారుతున్నా ఇబ్బంది లేదు. ఎటు తిరిగినా బరువైన కణాలు బిళ్ల అంచువైపే చేరతాయి. ఈ ఫలితాలు 2017 జనవరిలో ‘నేచర్ బయోమెడికల్ ఇంజినీరింగ్’ పత్రికలో వెలువడ్డాయి.

ఇది రక్తాన్ని వేరుచేస్తుందే తప్ప రోగాన్ని చెప్పదు. ఆ తర్వాత సూక్ష్మదర్శిని, చూసి గుర్తుపట్టగల శిక్షణ కావాలి. ప్రకాష్ బృందం అంతకుముందే ‘ఫోల్డ్‌స్కోప్’ అనే కాగితపు సూక్ష్మదర్శినిని రూపొందించింది. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది కూడా సూక్ష్మదర్శినితోనే.

వేల ఏళ్లుగా పిల్లల చేతుల్లో తిరిగిన బొమ్మ ఇది. అది ఎంత వేగంగా తిరుగుతోందని కొలిచి చూడటంతోనే కథ మలుపు తిరిగింది. ఇంట్లో పాత గుండీ, గట్టి నూలుదారం ఉంటే పిల్లలతో కలిసి తిప్పి చూడవచ్చు. దారం పొడవు మారిస్తే ఏమవుతుంది? గుండీ బదులు పెద్ద అట్టబిళ్ల పెడితే? జవాబులు చేతికే తెలుస్తాయి.