మీకు తెలుసా? జోన్ దాటని డిస్కు
2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తెరిచిన క్లౌడ్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లున్నాయి. దేని కరెంటు దానిదే, దేని నెట్‌వర్కు దానిదే. ఒకదానికొకటి మాత్రం 100 కిలోమీటర్ల లోపే. రాజాం, శ్రీకాకుళం, విజయనగరం కూడా అంత దగ్గరే. 2014 నాటి హుద్‌హుద్‌ను చూసినవాళ్లకు తెలుసు, పెద్ద తుపానొస్తే మూడూళ్లూ ఒకేసారి చీకటైపోగలవు. అందుకే ముఖ్యమైన డేటాకు ముంబయి రీజియన్‌లోనూ ఓ నకలు ఉంచుతారు.

కంటెయినర్లను నడిపే కుబర్నెటీస్‌కు జోన్‌కొకటి చొప్పున పెట్టమని గట్టిగా చెప్పకపోతే, యాప్ కాపీలన్నీ ఒకే జోన్‌లో చేరొచ్చు. అసలు చిక్కు డిస్కుతోనే! అమెజాన్ క్లౌడ్‌లోని ఈబీఎస్ డిస్కు తాను పుట్టిన జోన్ దాటదు. ఆ జోన్ పడిపోతే డేటాబేస్ పక్క జోన్‌లో లేవాలంటే, డేటా నకలు పడిపోయిన జోన్ బయట ముందే ఉండాలి.