పెట్రోలు ఆవిరికి కాపలా

మోటారు కారు వల్ల గాలి కలుషితమవుతుందనగానే మనకు పొగగొట్టమే గుర్తుకు వస్తుంది. కాని ఇంజను ఆపి చెట్టు నీడన నిలిపిన కారు కూడా గాలిని కలుషితం చేయగలదు. పెట్రోలు సాధారణ ఉష్ణోగ్రత వద్దనే ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరిలోని హైడ్రోకార్బన్లు బయటి గాలిలో చేరి, సూర్యకాంతి సమక్షంలో నైట్రోజన్ ఆక్సైడులతో చర్య జరిపి ఓజోనును పుట్టిస్తాయి. ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండి మనలను కాపాడే ఓజోనే నేలమట్టాన ఊపిరితిత్తులకు శత్రువు. లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్ముతుండిన మసకపొగ వెనుక ఉన్న ఈ చర్యను 1950ల తొలినాళ్లలో ఏరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. ఆ నగరమున్న కాలిఫోర్నియా రాష్ట్రం 1970 నమూనా కార్ల నుండి ఇంధనపు ఆవిరిని అరికట్టే ఏర్పాటును తప్పనిసరి చేసింది. మరుసటి ఏడు అమెరికా అంతటా అదే నియమం వచ్చింది.

ఈ ఏర్పాటుకు గుండెకాయ ఒక బొగ్గు డబ్బా. ట్యాంకులో పుట్టిన ఆవిరి గొట్టం గుండా అందులోకి చేరి, ఉత్తేజిత బొగ్గు రేణువుల ఉపరితలాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. రసాయనశాస్త్రంలో దీనినే అధిశోషణం అంటాము. ఇంజను నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకొని ఆ ఆవిరిని ఇంజనులోకి పంపుతుంది. అది అక్కడ దహనమై శక్తినిస్తుంది. డబ్బాలోకి బయటి గాలి రావడానికి వెంట్ వాల్వు అనే మరొక ద్వారం ఉన్నది. మొదటిది మామూలుగా మూసి ఉంటుంది, రెండవది తెరిచి ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకొంటే లోపాన్ని వెదకడంలో సగం చిక్కు తీరినట్లే.

అమెరికాలో 1996 నుండి కార్లలోని కంప్యూటరే ఈ మార్గాన్ని పరీక్షించుకొనే విధానం స్థిరపడింది. రెండు ద్వారాలనూ మూసి, లోపల ఏర్పరచిన స్వల్ప శూన్యత నిలుస్తున్నదా లేదా అని అది గమనిస్తుంది. శూన్యత అసలే ఏర్పడకపోతే పెద్ద కారుటగా భావించి పీ 0455 అనే సంకేతాన్ని, నెమ్మదిగా తరిగిపోతే చిన్న కారుటగా పీ 0442ను, అతి చిన్నదైతే పీ 0456ను నమోదు చేస్తుంది. అర మిల్లీమీటరు రంధ్రాన్ని సైతం ఇది పసిగట్టగలదు. మన దేశపు పెట్రోలు కార్లలోనూ బొగ్గు డబ్బా ఉంటుంది గాని, ఈ స్వయంపరీక్ష అన్నింటిలోనూ ఉండదు.

అయితే సంకేతం జ్వరమున్నదని మాత్రమే చెబుతుంది, దేనివల్ల వచ్చిందో చెప్పదు. సంఖ్యను చూడగానే డబ్బానో వాల్వునో మార్చివేసే మెకానిక్కు వల్ల యజమాని జేబు తేలికవుతుంది, లోపం మాత్రం అక్కడే ఉంటుంది. మొదట చూడవలసినది ట్యాంకు మూత. దాని రబ్బరు వలయం పగిలినా, మూత సరిగా బిగియకపోయినా సంకేతం రావచ్చు. తరువాత యజమానిని ప్రశ్నించాలి. పెట్రోలు పోయించుకొన్న వెంటనే బండి కదలడానికి మొరాయిస్తున్నదా? పర్జ్ వాల్వు తెరుచుకొనే ఉండిపోయిందేమో చూడాలి. బంకులో తుపాకి మాటిమాటికీ ఆగిపోతున్నదా? లోపలి గాలి బయటికి పోయే మార్గం పూడి ఉండవచ్చు.

ఆ మార్గం దుమ్ముతోనే పూడాలని లేదు. 2011లో ఉత్తర అమెరికాలో మాజ్దా సంస్థ సుమారు 65 వేల ‘మాజ్దా 6’ కార్లను మరమ్మతుకు వెనక్కి పిలవవలసి వచ్చింది. ఒక జాతి పసుపు సాలీడు ఆ గొట్టంలో గూడు అల్లుకోవడమే కారణం! గాలి ఆడని ట్యాంకులో పీడనం పడిపోయి, ట్యాంకే బీటలు వారి పెట్రోలు కారే ప్రమాదం ఏర్పడింది.

పై పరిశీలనలతో గుట్టు తెలియకపోతే పొగ పరీక్ష చేస్తారు. నూనెను కాచి పుట్టించిన తెల్లని పొగను అతి తక్కువ పీడనంతో గొట్టాలలోకి పంపి, వెంట్ వాల్వును మూసి, దీపం వెలుగులో వెదకుతారు. బీటవారిన రబ్బరు గొట్టమో, బురద పట్టి తుప్పు తిన్న ట్యాంకు మెడనో సన్నని పొగతీగ చూపిస్తుంది. పొగను తోయడానికి నైట్రోజన్ వంటి జడవాయువును వాడటం క్షేమం. పెట్రోలు ఆవిరితో గాలి కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. టైర్లలో గాలి నింపే కంప్రెసరును దీనికి తగిలించడం అవివేకం. ఆ పీడనానికి మంచి భాగాలు కూడా చెడతాయి.

డబ్బా చెడటానికి తరచు మన అలవాటే కారణం. తుపాకి ఆగిన తరువాత కూడా ట్యాంకును అంచుదాకా నింపిస్తే ద్రవరూపంలోని పెట్రోలు బొగ్గులోకి చేరి దానిని తడిపివేస్తుంది. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టి ఉంచలేదు.

మరమ్మతు ముగిశాక సంకేతాన్ని చెరిపివేసినంత మాత్రాన పని పూర్తి కాలేదు. ఇంజను చల్లగా ఉండి, ట్యాంకులో పెట్రోలు మరీ తక్కువగా గాని మరీ నిండుగా గాని లేనప్పుడే చాలా కార్లలో కంప్యూటరు పరీక్షను తిరిగి ప్రారంభిస్తుంది. అందుకు కొన్ని రోజులు పట్టవచ్చు. ఆ పరీక్షలో నెగ్గిన తరువాతనే కారును బాగైనదిగా లెక్కించాలి.