రైల్లో దొరికిన పుస్తకం

ఒక్క పుస్తకం నిజంగా జీవితాన్ని మార్చేస్తుందా? ఒక రైలు ప్రయాణం గురించి చెప్తాను, వినండి.

1904, దక్షిణాఫ్రికా. గాంధీగారు జోహన్నెస్‌బర్గ్‌లో బాగా సంపాదిస్తున్న లాయర్. కానీ డర్బన్‌లో నడుస్తున్న 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక నష్టాల్లో ఉంది. సొంత డబ్బు ఎంత పోసినా చాలట్లేదు. సంగతేంటో చూద్దామని డర్బన్ రైలెక్కారు. స్టేషన్‌లో స్నేహితుడు పోలక్ ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. జాన్ రస్కిన్ రాసిన 'అన్ టు దిస్ లాస్ట్'.

గాంధీగారేమీ పుస్తకాల పురుగు కాదు. చదువుకునే రోజుల్లో క్లాసు పుస్తకాలు తప్ప పెద్దగా ఏమీ చదవలేదని ఆయనే రాసుకున్నారు. అయినా ఆ 24 గంటల ప్రయాణంలో దీన్ని వదల్లేకపోయారు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదట.

ఏముంది అందులో? లాయర్ పనికీ, మంగలి పనికీ విలువ ఒకటే అన్నది ఆయనకి అప్పటికే లీలగా తెలుసు. ఒళ్లు వంచి కష్టపడే బతుకే మంచి బతుకు అన్నది మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

అసలు పాయింట్ ఇదే. పుస్తకం మ్యాజిక్ చెయ్యలేదు. లోపల సగం సగంగా ఉన్న ఆలోచనని పూర్తి చేసింది. మిగతాది ఆయన చేశారు. వారం తిరిగేలోపే ఫీనిక్స్ దగ్గర 20 ఎకరాలు కొన్నారు. పత్రికని అక్కడికే మార్చేశారు.

మీరూ ఏదో కష్టంలో ఉన్నప్పుడు ఒక పుస్తకం మనసుకి తగిలిందా? స్టేటస్ పెట్టి వదిలెయ్యకండి. రేపు పొద్దున్నే ఒక్క పని మార్చి చూడండి. ఉంటాను మరి!