రోమా వీధులలో పౌలు ఇల్లు కనబడుతుందా?

పౌలు రోమాలో రెండేండ్లు అద్దె ఇంట కాపురమున్నాడని అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో చదువుతాము. ఆ వీధి ఎలా ఉండేదో చూడగలిగితే బాగుండునని మీరెప్పుడైనా అనుకున్నారా?

పండితులు ప్రాచీన రోమాను కంప్యూటరులో మరల కట్టారు. ఈ పని పేరు 'రోమ్ రీబోర్న్', అంటే మరల పుట్టిన రోమా. 1996లో మొదలుపెట్టి, 2007లో మొదటిసారి ప్రజలకు చూపించారు. క్రీ.శ. 320 నాటి పట్టణము, సుమారు 7,000 కట్టడాలు అందులో ఉన్నాయి. కొలోసియం లోపల నిలబడి నలువైపులా చూడవచ్చు.

అయితే ఒక సంగతి గమనించండి. 2007లో చూపించిన వాటిలో ఒక్కొక్కటిగా పరిశోధించి వివరంగా కట్టినవి సుమారు ముప్పై మాత్రమే. మిగిలినవి ఎక్కడివి? ఇటాలో జిస్మోండి అనే ఇటలీ వాస్తుశిల్పి గత శతాబ్దంలో ప్లాస్టరుతో పెద్ద నమూనా చేయించాడు. 250 అడుగుల గోడ అందులో ఒక్క అడుగే. ఆ నమూనాను లేజరు కిరణాలతో కొలిచి కంప్యూటరులోకి ఎక్కించారు.

ఎందుకిలా? చక్రవర్తుల కట్టడాలు కొన్నయినా నిలిచాయి. సామాన్యుల ఇండ్లు చాలావరకు పోయాయి. వారిలో అనేకులు 'ఇన్సులా' అనే మేడలలో అద్దెకు ఉండేవారు. క్రింద దుకాణాలు, పైన గదులు. పై అంతస్తులవారు నీళ్ళు మోసుకొని మెట్లెక్కవలసిందే. మేడలు 70 అడుగులకు మించరాదని ఔగుస్తు కైసరు నియమము పెట్టాడు. అలాంటి మేడ ఒకటి కాపిటోలిన్ కొండ మొదట శిథిలమై నేటికీ ఉంది. క్రీ.శ. 203-211 మధ్య చలువరాతిపై చెక్కిన పట్టణ పటములో దుకాణాలు, మెట్లు కూడా గుర్తించారు. కాని ఆ పటములో మనకు దొరికినది పదవ వంతు మాత్రమే.

మరి పౌలు ఇల్లు? ఈ బొమ్మలో వెదకకండి. ఆయన రోమాకు వచ్చినది క్రీ.శ. 60 ప్రాంతములో. 64లో గొప్ప అగ్నిప్రమాదము పట్టణములో చాలా భాగాన్ని కాల్చివేసింది. కొలోసియం ప్రారంభమైనదే 80లో. తెరమీద మనము చూసేది పౌలు తరువాత రెండున్నర శతాబ్దాల నాటి పట్టణము!

బొమ్మ ఎంత అందంగా ఉంటే మనము అంత త్వరగా నమ్మేస్తాము. కాబట్టి ఇలాంటివి మీ పిల్లలకు చూపించేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఏ సంవత్సరము నాటిది? ఇందులో తెలిసినది ఎంత, ఊహించినది ఎంత? ఆ తరువాత ఆ వీధులలో ఎంతసేపైనా నడవండి. అప్పుడు ఆ నడక మీకు మేలే చేస్తుంది.